సంతకం ఒక్కరిది, ప్రయోగం ఇంటిల్లిపాదిది

డెంగీకి మన దేశంలో తయారైన టీకా మూడో దశ ప్రయోగం 2024 ఆగస్టులో హర్యానాలోని రోహ్‌తక్ వైద్య కళాశాలలో మొదలైంది. ఐసీఎంఆర్, పనేసియా బయోటెక్ కలిసి చేపట్టిన ఈ ప్రయోగంలో 18 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 19 కేంద్రాల నుంచి 10,335 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లను చేర్చుకోవాలని నిర్ణయించారు. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ జికా టీకా తొలి దశ ప్రయోగాల కోసం ఐసీఎంఆర్‌తో ఒప్పందం చేసుకుంది. ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ మనిషి ఒంట్లోకి ఎక్కించేది చచ్చిన వైరస్ కాదు. బతికే ఉన్న, బలం తగ్గించిన వైరస్.

ఈ వార్తలు పత్రికల్లో బిజినెస్ పేజీలోనో, సైన్సు మూలలోనో వచ్చి వెళ్లిపోయాయి. మనం వీటిని మన పేజీలో చదవాలని మేం అనుకుంటున్నాం. వైరస్ బలం ఎంత తగ్గించారన్నది ప్రయోగశాల చూసుకుంటుంది. దాన్ని ముందుగా ఎవరి చేతికి ఎక్కిస్తారు, ఆ చేతి సంతకం ఎలా తీసుకుంటారు, తేడా వస్తే ఎవరు జవాబు చెబుతారు అన్నవి మనం అడగాల్సిన ప్రశ్నలు.

కూచిపూడి అనగానే అందరికీ నాట్యం గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల మొవ్వ, పామర్రు మండలాల ఊళ్లలో కాలువ గట్ల పక్కన, మురుగు డ్రెయిన్ల వెంట ఉన్న వాడలు గుర్తుకు రావు. డెల్టాలో ఎటు చూసినా నీళ్లే. కానీ వాడల్లో తాగే నీరు కుళాయికి గంటా రెండు గంటలు వస్తుంది, మిగతా రోజంతా డ్రమ్ముల్లో, బిందెల్లో పట్టి ఉంచుకోవాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మురుగులో కాదు, ఇలా నిలవ ఉంచిన మంచినీళ్లలోనే. వానాకాలం జ్వరం వస్తే నాట్లకు పోయే కూలి పోతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతే విజయవాడ ఆసుపత్రికి అప్పు చేసి పోవాలి. కాబట్టి డెంగీ టీకా వస్తే ముందు బాగుపడాల్సింది మనవాళ్లే. మేం టీకాకు వ్యతిరేకం కాదు. వాట్సాప్‌లో తిరిగే టీకా పుకార్లు తీసే ప్రాణాలు కూడా ఎక్కువగా మనవే.

బలం తగ్గించడం అంటే

టీకాలు రకరకాలు. కొవాగ్జిన్‌లో ఉన్నది చంపేసిన వైరస్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకాలో వైరస్ పైతొడుగు మాత్రమే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. పోలియో చుక్కలు, తట్టు టీకా, రోటావైరస్ టీకా వేరే కోవ. వీటిలో వైరస్ బతికే ఉంటుంది, పెరుగుతుంది, జబ్బు తెచ్చే శక్తి మాత్రం చాలావరకు కోల్పోయి ఉంటుంది. ఒళ్లు దాన్ని నిజమైన శత్రువనుకుని సిద్ధమవుతుంది. అందుకే తరచూ ఒకటి రెండు మోతాదులతోనే గట్టి రక్షణ దొరుకుతుంది.

బలం తగ్గించడానికి పాత పద్ధతి, వైరస్‌ను వేరే జంతువుల కణాల్లో మళ్లీ మళ్లీ పెంచి మనిషి ఒంటికి దాన్ని అలవాటు తప్పించడం. కొత్త పద్ధతి జన్యువునే సవరించడం. రోహ్‌తక్‌లో మొదలైన డెంగీ టీకాకు మూలం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తయారుచేసిన వైరస్‌లు. వాటిలో ముఖ్యమైన సవరణ, జన్యువు చివర 30 అక్షరాల ముక్కను కోసేయడం. హైదరాబాద్ జికా టీకాలో జన్యువు అర్థం మారకుండా, వైరస్ నెమ్మదిగా పెరిగేలా అక్షరాలు మార్చారు. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన పని ఇది.

ఎంత జాగ్రత్తగా చేసినా ఆ వైరస్ మనిషిలో ఎలా నడుచుకుంటుందో మనిషిలోనే చూడాలి. అందుకే తొలి దశలో కొన్ని పదుల మంది ఆరోగ్యవంతులకు ఇచ్చి హాని ఉందా అని చూస్తారు. రెండో దశలో వందల మందికి, మూడో దశలో వేల మందికి ఇస్తారు. రోగికైతే మందు పనిచేస్తే తన జబ్బు తగ్గుతుందన్న ఆశ ఉంటుంది. ఆరోగ్యవంతుడికి ఆ ఆశ లేదు. ఉన్న ఆరోగ్యాన్ని పందెంగా పెట్టి పరులకు మేలు చేస్తున్నాడు. అందుకే అతని ఒప్పుకోలుకు విలువ ఎక్కువ, దాన్ని తీసుకునేవాళ్ల బాధ్యత ఇంకా ఎక్కువ.

అంటు, అంటరానితనం

తెలుగులో అంటురోగానికీ అంటరానితనానికీ మూలమైన మాట ఒక్కటే, అంటు. టీకా చరిత్ర మొదట్లోనే ఈ రెండూ ఎదురుపడ్డాయి. మశూచి టీకా మన దేశంలో తొలిసారి 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల పాపకు వేశారు. అప్పట్లో టీకా పదార్థాన్ని నిలవ చేసే సౌకర్యం లేదు. ఒక బిడ్డ చేతిమీద లేచిన పొక్కులోంచి రసం తీసి ఇంకో బిడ్డ చేతికి ఎక్కించేవారు. ఇలా చేతి నుంచి చేతికి గొలుసుకట్టుగా టీకా ఊళ్లు దాటింది. రసం ఇవ్వడానికి చాలాచోట్ల దొరికింది పేద కులాల, అంటరానివాళ్లనిపించుకున్న కులాల పిల్లలే. ఆ చేతుల్లోంచి వచ్చిన రసం తమ పిల్లల ఒంట్లోకి పోతుందని అగ్రకులాలవారు అభ్యంతరం చెప్పినట్టు వలస పాలన రికార్డుల్లో ఉంది. టీకాను మోసిన పిల్లల నొప్పి గురించి అభ్యంతరం చెప్పినవాళ్లు మాత్రం అరుదు.

తర్వాతి కాలం కూడా ఇదే దారిలో నడిచింది. బలం తగ్గించిన కలరా బ్యాక్టీరియాతో టీకా చేసిన హాఫ్కిన్ 1892లో ముందు తన ఒంటిమీదే దాన్ని పరీక్షించుకున్నాడు. ఆ నిజాయితీ గొప్పదే. ఆ వెంటనే ఆయన పని సాగిన చోట్లు కలకత్తా బస్తీలు, అస్సాం తేయాకు తోటల కూలీల లైన్లు. 1897లో ప్లేగు టీకాకు బొంబాయి బైకుల్లా జైలు. అమెరికాలో కొప్రౌస్కీ బతికున్న పోలియో వైరస్‌ను 1950లో తొలిసారి తాగించింది మానసిక వైకల్యం ఉన్న పిల్లలను ఉంచిన ఒక సంస్థలో. సాబిన్ తన పోలియో చుక్కలను ఒహాయోలోని జైలు ఖైదీల మీద పరీక్షించాడు. ఆ చుక్కలే తర్వాత కోట్ల మంది పిల్లల కాళ్లను కాపాడాయి. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. మేలు జరిగిందన్నది నిజం. ఆ మేలుకు ముందుగా ఒళ్లు అప్పగించినవాళ్లు కాదనలేని స్థితిలో ఉన్నవాళ్లన్నదీ నిజం. ఒకటి చెప్పి ఒకటి దాచడం చరిత్ర కాదు.

ఖమ్మం నేర్పిన పాఠం

మనకు దగ్గరి ఉదాహరణ ఉమ్మడి రాష్ట్రంలోనే ఉంది. 2009 జులైలో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని ఇది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాగే జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయాక, మహిళా సంఘాలు నిలదీశాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది.

ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అందుకే అక్కడ మనం చూడాల్సింది టీకాను కాదు, కాగితాన్ని. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. తల్లి ఊళ్లో పత్తి చేలో ఉంది, బిడ్డ ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంది, సంతకం వార్డెన్‌ది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని మానవ హక్కుల ఉల్లంఘన అంది, పిల్లల మీద వేధింపు అంది. ఈ టీకా బతికున్న వైరస్‌తో చేసింది కాదని పైనే చెప్పాం. అయినా ఇక్కడ దీన్ని గుర్తుచేయడానికి కారణం ఉంది. చనిపోయిన పదార్థం ఇచ్చేటప్పుడే సంతకం ఇంత తేలికైతే, బతికున్న వైరస్ ఇచ్చేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలి?

కృష్ణా తీరంలోనే ఇంకొక సంగతి జరిగింది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను దళారులు డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి, క్యాన్సర్ మందుల పరీక్షల్లో చేర్పించినట్టు బయటపడింది. వాళ్లంతా కాగితం మీద ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద అభ్యర్థులే. ఔషధ నియంత్రణ సంస్థ ఆ ప్రయోగశాల అనుమతిని సస్పెండ్ చేసింది. కోవిడ్ కాలంలో భోపాల్‌లో గ్యాస్ బాధితుల బస్తీలనుంచి తీసుకెళ్లి, 750 రూపాయలిచ్చి, సరైన వివరం చెప్పకుండా టీకా ప్రయోగంలో చేర్చారని పలువురు ఆరోపించారు. ఆసుపత్రి కాదంది. ఖమ్మంలో వార్డెన్, పిడుగురాళ్లలో దళారి, భోపాల్‌లో పేదరికం. స్వచ్ఛందం అన్న మాట వెనక ప్రతిచోటా ఇంకెవరో ఉన్నారు.

ఆంధ్రలో వాలంటీర్ అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. 2019 నుంచి కొన్నేళ్లు పింఛను ఇంటికి తెచ్చిచ్చిన మనిషి వాలంటీర్. పింఛను, రేషను, హాస్టల్ సీటు, ఉపాధి హామీ మస్టరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు అడిగినప్పుడు వాడలో కాదనడం కష్టం. ఆ చేయే అంగీకార పత్రం చాపితే అక్కడ పడేది సంతకమే గాని ఒప్పుకోలు కాదు.

గోడ దాటే వైరస్

బతికున్న వైరస్ టీకాలో ఇంకో చిక్కుంది. చంపేసిన వైరస్ ఎక్కించుకున్న ఒంట్లోనే ఆగిపోతుంది. పోలియో చుక్కల్లోని, రోటావైరస్ టీకాలోని వైరస్ పేగుల్లో పెరిగి మలంలో బయటికి వస్తుంది, ఇంట్లోవాళ్లకు సోకవచ్చు. చాలాసార్లు దీనివల్ల మేలే, వాళ్లకూ రక్షణ దొరుకుతుంది. అరుదుగా ఆ వైరస్ మనుషుల మధ్య తిరిగి తిరిగి పోయిన బలం మళ్లీ తెచ్చుకుంటుంది. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ కనిపించింది. ఏ బిడ్డకూ పోలియో రాలేదు గాని, ప్రభుత్వం హడావిడిగా సుమారు మూడు లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేయాల్సి వచ్చింది. డెంగీ టీకా వైరస్‌లు ఇలా మలంలో రావు, దోమ ద్వారా ఇంకొకరికి పాకే అవకాశం కూడా చాలా తక్కువగా ఉండేలా వాటిని తయారుచేశారు. ఒక్కో వైరస్‌ది ఒక్కో తీరు.

అంటే ఏ వైరస్ అయినా సరే, వాలంటీర్ ఒక్కడే సంతకం పెడతాడు, కొన్నిసార్లు వైరస్ మాత్రం ఇంటికి వస్తుంది. మేడలో వేరే గది, వేరే మరుగుదొడ్డి ఉన్నవాడి ఇంట్లో ఇది చిన్న సంగతి. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో చిన్నది కాదు. ఆ ఇంట్లో టీబీ మందులు వాడే ముసలాయన ఉండవచ్చు, ఎయిడ్స్ మందులు వాడే పెద్దమ్మ ఉండవచ్చు, కడుపుతో ఉన్న కోడలు ఉండవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, గర్భిణులకు బతికున్న వైరస్ టీకాలు సాధారణంగా ఇవ్వరు. వాళ్లు ఒప్పుకోకుండానే, వాళ్లకు తెలియకుండానే అదే వైరస్ పక్క చాపమీదికి రావచ్చు. ఇప్పుడున్న పద్ధతిలో అంగీకార పత్రం ఒక మనిషిని ఉద్దేశించి రాసింది. బతికున్న వైరస్ ప్రయోగంలో అది ఇంటిని ఉద్దేశించి రాయాలి. మేం చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

నమ్మకం పోతే ఎంత నష్టమో ఫిలిప్పీన్స్ చూపించింది. 2016లో అక్కడ బడిపిల్లలకు డెంగ్‌వాక్సియా అనే బతికున్న వైరస్ డెంగీ టీకా వేయడం మొదలుపెట్టారు, ఎనిమిది లక్షల మందికి పైగా వేశారు. 2017 నవంబరులో కంపెనీయే ఒక మాట చెప్పింది, అంతకుముందు డెంగీ రానివాళ్లలో ఈ టీకా తర్వాత జబ్బు తీవ్రం కావచ్చని. దాంతో జనం అన్ని టీకాలనూ అనుమానించారు. 2019లో అక్కడ తట్టు విజృంభించి వందల మంది పిల్లలు చనిపోయారు. ముందే నిజం చెప్పకపోతే తర్వాత చెప్పే నిజాన్నీ ఎవరూ నమ్మరు.

బయట ఉంచడం న్యాయం కాదు

ఇదంతా చదివి మనవాళ్లను ప్రయోగాల దరిదాపులకు రానివ్వకూడదని కొందరు మిత్రులు అంటారు. మేం ఒప్పుకోం. రోటావైరస్ టీకా సంగతే చూడండి. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్‌లో ఉన్నది ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980లలో పసికందుల్లో దొరికిన, సహజంగానే బలహీనమైన వైరస్. ఢిల్లీ, పుణె, వెల్లూరు ప్రాంతాల్లో 6,799 మంది శిశువుల్లో పరీక్షిస్తే తీవ్రమైన విరేచనాలను తొలి ఏడాది 56 శాతం మేర ఆపింది. సంపన్న దేశాల్లో ఇలాంటి టీకాలు 85 శాతానికి పైగా పనిచేస్తాయి. పేద దేశాల పిల్లల్లో పోషకాహార లోపం, మురికినీటి వల్ల పేగుల్లో ఎప్పుడూ ఉండే ఇన్‌ఫెక్షన్లు ఇందుకు కారణాల్లో కొన్ని. మన ఒళ్లలో పరీక్షించకపోతే ఇది తెలిసేది కాదు. 2016లో దేశంలో ఈ టీకా ముందుగా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన వాడల పిల్లలకు అది ఉచితంగా అందింది.

కాబట్టి మనం ప్రయోగాల్లో ఉండాలి, హక్కులతో ఉండాలి. కానీ దేశంలో జరిగే ప్రయోగాలన్నీ నమోదు కావాల్సిన సీటీఆర్‌ఐ రిజిస్ట్రీలో వయసు, లింగం ఉన్నాయి, కులానికి గడి లేదు. ఎవరి చేతులు ముందు చాపారో, ఎవరికి టీకా చివరికి అందిందో లెక్క తీయడానికి దారే లేదు. లెక్క లేని చోట అన్యాయం జరగలేదని చెప్పడం తేలిక.

చట్టంలో ఉన్నది, లేనిది

2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ప్రయోగాల నియమాలు మనకు కొంత ఆయుధం ఇచ్చాయి. చదవడం రానివారి సంతకం తీసుకునేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా నిష్పాక్షిక సాక్షి ఉండాలి. సమాచార పత్రం వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలపాలి. వైద్యం ఉచితంగా చేయించాలి. ప్రయోగం వల్ల మరణిస్తే పరిహారానికి సూత్రం ఉంది, 8 లక్షల రూపాయలు ఆధారం, వయసును బట్టి, ఆరోగ్యాన్ని బట్టి గుణిస్తారు. ఆరోగ్యవంతుడైన వాలంటీర్‌కు గుణకం అన్నిటికంటే ఎక్కువ, 4. ఆ లెక్కన 25 ఏళ్ల మనిషికి సుమారు 70 లక్షలు, 65 దాటినవారికి 32 లక్షలు రావాలి. ఈ అంకెలు ఎంతమంది వాలంటీర్లకు తెలుసు?

లేనివి కూడా ఉన్నాయి. ప్రయోగాన్ని అనుమతించే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, ఒక సామాన్య వ్యక్తి, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు ఉండాలి, సగం మంది సంస్థకు బయటివారు కావాలి. దళితులో, ఆదివాసులో ఉండాలన్న నియమం లేదు. అంగీకారాన్ని వీడియో తీయాలన్న నియమం బలహీన స్థితిలో ఉన్నవాళ్లకు, అదీ కొత్త రసాయన మందుల ప్రయోగాలకే. కుటుంబం ఊసు అంగీకార పత్రంలో దాదాపు లేదు.

సమాన ఓటు వచ్చినా సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత అలాగే ఉంటుందని రాజ్యాంగ సభలో 1949 నవంబరులో అంబేద్కర్ హెచ్చరించారు. అంగీకార పత్రం మీద సంతకం కూడా ఓటు లాంటిదే. కాగితం మీద అందరిదీ సమానం, దాని వెనకున్న బతుకులు కావు.

ఇక చేయాల్సింది

విద్యార్థి మిత్రులకు, సంఘాలకు మా సూచనలు ఇవి. మీ జిల్లాలో ఏ ఆసుపత్రి, ఏ వైద్య కళాశాల ప్రయోగాలు చేస్తోందో సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఒక్కో ప్రయోగం వివరాన్ని సరళమైన తెలుగులో ఒక పేజీ రాసి గ్రామ సచివాలయం, పీహెచ్‌సీ గోడల మీద అతికించండి. ప్రయోగంలో చేరే ఎవరైనా పత్రాన్ని ఇంటికి తెచ్చి ఒక రాత్రి ఇంట్లోవాళ్లకు చదివి వినిపించాకే సంతకం పెట్టేలా చెప్పండి. వెంటనే పెట్టమంటే పెట్టొద్దు. సాక్షిగా వార్డెన్, టీచరు, ఆశా కార్యకర్త, పథకాల పనిచేసే ఎవరినీ అంగీకరించవద్దు. హాస్టళ్లలో పిల్లలకు ఏ ప్రయోగమైనా తల్లిదండ్రులు స్వయంగా వచ్చి ఒప్పుకుంటేనే జరగాలి.

ప్రభుత్వం ముందు మూడు డిమాండ్లు ఉంచుదాం. ఎథిక్స్ కమిటీల్లో ఎస్సీ, ఎస్టీ ప్రతినిధులు తప్పనిసరి కావాలి. బతికున్న వైరస్ టీకాల ప్రయోగాల్లో ఇంట్లోవాళ్లకు వచ్చే ప్రమాదాన్ని పత్రంలో విడిగా రాయాలి, వాళ్లకూ వైద్యం, పరిహారం వర్తించాలి. పాల్గొన్నవారి సామాజిక వర్గాల లెక్క, పేర్లు లేకుండా, బయటపెట్టాలి. హైదరాబాద్ జికా టీకా చేసే సంస్థ జాతీయ పాడి అభివృద్ధి మండలికి చెందినది, డెంగీ ప్రయోగంలో ఐసీఎంఆర్ ఉంది. వీటిలో ప్రజల సొమ్ముంది, కాబట్టి అడిగే హక్కు మనకుంది. ఏ ఊళ్లవాళ్లు చేయి చాపారో ఆ ఊళ్లకు టీకా ముందుగా, ఉచితంగా రావాలి. దాంతోపాటు రోజూ మంచినీళ్లూ రావాలి. డ్రమ్ముల్లో నీళ్లు నిలవ ఉంచాల్సిన అవసరం ఉన్నంతకాలం ఒక్క టీకాతో డెంగీ పోదు.